అమెరికా గల్ఫ్ తీరంలో హరికేన్ సీజన్: ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఏం చూడాలి, ఎప్పుడు ఏం చేయాలి

2017లో వినాయక చవితి ఆగస్టు 25న, శుక్రవారం వచ్చింది. పొద్దున పూజ చేసుకుని ఉండ్రాళ్లు తిన్నాం. ఆ రాత్రి పది గంటలప్పుడు హార్వీ హరికేన్ రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది, నాలుగో కేటగిరీలో, అంటే గాలి బలానికి వేసే అయిదు స్థాయిల్లో నాలుగోది. రాక్‌పోర్ట్ అంటే హ్యూస్టన్‌లో ఉన్న మాకు కారులో మూడు గంటల దూరం. "అక్కడెక్కడో దాటేసింది, ఇక మనకేం లేదు" అని వాట్సాప్ గ్రూపులో నేనే రాశాను. ఆదివారం తెల్లారేసరికి మా వీధి చెరువైంది. నిమజ్జనానికి దేవుణ్ణి మేం తీసుకెళ్లే పని లేకుండా నీళ్లే గుమ్మం దాకా వచ్చాయి.

మాది బందరు దగ్గర పల్లె. తుపానంటే నాకు కొత్తేమిటి అనుకునేవాణ్ణి. ఆ ధీమాయే కొంప ముంచింది. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ సగం పనికొస్తుంది, మిగతా సగం తప్పుదారి పట్టిస్తుంది. టెక్సాస్ తీరంలో, ముఖ్యంగా హ్యూస్టన్, షుగర్‌ల్యాండ్, కేటీ, పియర్‌ల్యాండ్ వైపు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫ్లోరిడా, లూసియానాల్లో ఉన్నవాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

మొదటి మెట్టు: క్యాలెండర్, మాటలు

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. పేరుకి ఆరు నెలలు గానీ అసలు వేడంతా ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకానే. పాత రికార్డుల ప్రకారం సీజన్ శిఖరం సెప్టెంబరు 10. మన లెక్కలో అది పుబ్బ కార్తె. ఊళ్లో మఖ, పుబ్బల్లో వాన కోసం ఆకాశం చూసేవాళ్లం. ఇక్కడ అవే రోజుల్లో సముద్రం వైపు చూడాలి.

మనకి తుపానులంటే ముఖ్యంగా అక్టోబరు, నవంబరు, లేకపోతే మే. నడివానాకాలంలో బంగాళాఖాతంలో పెద్ద తుపానులు తక్కువ. రుతుపవనాల వేళ కింది గాలి ఒక దిక్కుకి, పై గాలి ఇంకో దిక్కుకి వీస్తూ తుపానుని నిలువుగా పెరగనివ్వవు. అట్లాంటిక్‌లో కథ వేరు. ఆఫ్రికా తీరం నుంచి అల్పపీడన అలలు వేసవంతా వస్తూనే ఉంటాయి గానీ జులై దాకా సహారా ఎడారి దుమ్ము, పొడి గాలి వాటిని నొక్కేస్తాయి. ఆగస్టు మధ్యకి ఆ దుమ్ము తగ్గుతుంది, కింది గాలికీ పై గాలికీ ఉండే తేడా, అంటే గాలి కోత, కూడా తగ్గుతుంది. సముద్రం నేలలా త్వరగా వేడెక్కదు, అందుకని ఎండాకాలం చివరికి గానీ పూర్తిగా కాగదు. తుపాను పుట్టడానికి నీటి వేడి కనీసం 26.5 డిగ్రీల సెల్సియస్ కావాలంటారు. ఆగస్టులో గల్ఫ్ (మెక్సికో సింధుశాఖ) నీళ్లు దాన్ని ఎప్పుడో దాటేసి గోరువెచ్చని స్నానం నీళ్లలా ఉంటాయి.

మాటల విషయానికొస్తే, ఇక్కడివాళ్లు డిస్టర్బెన్స్ అన్నది మన అల్పపీడనం. ట్రాపికల్ డిప్రెషన్ అంటే వాయుగుండం. గాలి గంటకి 39 మైళ్లకి చేరితే ట్రాపికల్ స్టార్మ్, అప్పుడే పేరు పెడతారు. 74 మైళ్లకి చేరితే హరికేన్, అంటే మన వాతావరణ శాఖ అతి తీవ్ర తుపాను అనేదానికి ఇంచుమించు సమానం. అక్కడ మూడు నిమిషాల సగటు గాలి చూస్తారు, ఇక్కడ ఒక నిమిషం సగటు. కాబట్టి రెండు చోట్ల అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. ఓడరేవులో ఒకటో నంబరు, పదో నంబరు ప్రమాద హెచ్చరికలు ఎగరేసే పద్ధతి ఇక్కడ ఇళ్లలో ఉండేవాళ్ల కోసం లేదు. దాని బదులు వాచ్, వార్నింగ్ అని రెండు ఉంటాయి. వాటి సంగతి నాలుగో మెట్టులో చెబుతాను.

రెండో మెట్టు: సీజన్ అంచనాని చదవండి, కానీ నమ్ముకుని కూర్చోకండి

ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా మే నెలలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి సీజన్ అంచనా ఇస్తుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 1984 నుంచి ఇస్తున్నారు. సగటు ఏడాదిలో పేరు పెట్టిన తుపానులు 14, వాటిలో హరికేన్లు 7, మూడో కేటగిరీకి, ఆ పైకి చేరే పెద్దవి 3. పసిఫిక్ నీళ్లు మామూలు కన్నా వేడెక్కే ఎల్‌నినో ఉంటే అట్లాంటిక్ మీద గాలి కోత పెరిగి సంఖ్య తగ్గడం, అవి చల్లబడే లానినా ఉంటే పెరగడం మామూలు. ఇది చదువుకోడానికి బాగుంటుంది. మన ఇంటికి దీనితో పని లేదు.

ఎందుకంటే 1983లో పేరు పెట్టిన తుపానులు మొత్తం నాలుగే. వాటిలో మొదటిదైన అలీషియా ఆగస్టు 18న తిన్నగా వచ్చి హ్యూస్టన్ మీద పడింది. 2010లో పన్నెండు హరికేన్లు పుట్టాయి. ఒక్కటి కూడా హరికేన్‌గా అమెరికా నేల మీదకి రాలేదు. ఆగస్టు అంచనాలో అంకె తగ్గించారని మా స్నేహితుడొకాయన ఇన్సూరెన్స్ వచ్చే ఏడాదికి వాయిదా వేశాడు. అంకె తగ్గించింది మహాసముద్రం మొత్తానికి, ఆయన వీధికి కాదు.

మూడో మెట్టు: రోజూ రెండు నిమిషాలు

ఆగస్టు మొదలవగానే పొద్దున కాఫీ తాగుతూ మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ పేజీలో ఏడు రోజుల ఔట్‌లుక్ మ్యాప్ చూడటం అలవాటు చేసుకోండి. మన సెంట్రల్ టైమ్ ప్రకారం రాత్రి 1, పొద్దున 7, మధ్యాహ్నం 1, సాయంత్రం 7 గంటలకి కొత్తది వస్తుంది. పసుపు రంగు ఉంటే వాయుగుండంగా మారే అవకాశం 40 శాతం లోపు, నారింజ అయితే 40 నుంచి 60, ఎరుపు అయితే అంతకన్నా ఎక్కువ. రంగు వేసిన ప్రాంతం తుపాను వచ్చే చోటు కాదు, పుట్టే చోటు. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఆఫ్రికా దగ్గర ఎర్ర మచ్చ కనిపిస్తే టెన్షన్ పడకండి. అది ఇక్కడికి రావాలంటే వారం పైనే పడుతుంది, వాటిలో చాలావరకు మధ్యలోనే ఉత్తరానికి తిరిగి సముద్రంలోనే పోతాయి. మనల్ని నిజంగా తొందరపెట్టేవి గల్ఫ్‌లోనే పుట్టేవి. మెక్సికో పక్కన క్యాంపీచీ అఖాతం అని ఒక మూల ఉంది, అక్కడ పసుపు మచ్చ కనిపించినా నేను ఫోన్ పక్కన పెట్టను. హార్వీ కరీబియన్‌లో చెదిరిపోయి చచ్చిపోయిందనుకున్న తుపానే. ఆగస్టు 23న ఆ మూలలో మళ్లీ లేచింది, 25 రాత్రికి నాలుగో కేటగిరీ. 2007 సెప్టెంబరులో హంబర్టో అయితే వాయుగుండం నుంచి హరికేన్ కావడానికి ఒక రోజు కూడా పట్టలేదు. పడుకునేటప్పుడు లేని హరికేన్ లేచేసరికి తీరం దాటింది.

ఇక వాట్సాప్‌లో తిరిగే మ్యాపులు. పది రోజుల తర్వాత హ్యూస్టన్ మీద ఊదారంగు సుడిగుండం ఉన్నట్టు బొమ్మ వస్తుంది. అది కంప్యూటర్ మోడల్ ఒక్కసారి వేసిన లెక్క. అదే మోడల్ ఆరు గంటల తర్వాత అదే సుడిగుండాన్ని ఫ్లోరిడాలో చూపిస్తుంది, ఆ బొమ్మని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఏడు రోజులకి మించిన మ్యాపు ఎవరు పంపినా నేను తెరవను. స్థానికంగా నిదానంగా చెప్పేవాళ్లు కావాలంటే హ్యూస్టన్‌కి స్పేస్ సిటీ వెదర్ ఉంది. భయపెట్టకుండా రాస్తారు. లీగ్ సిటీలోని నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు ఇచ్చే సమాచారం ఎలాగూ ఉంది.

నాలుగో మెట్టు: బులెటిన్ చదవడం

తుపాను రూపు కట్టాక, లేదా కట్టబోతూ తీరానికి ముప్పుందనుకున్నప్పుడు, ఔట్‌లుక్ పక్కన పెట్టి అడ్వైజరీలు చూడాలి. పొద్దున 4, 10, మళ్లీ సాయంత్రం 4, రాత్రి 10 గంటలకి వస్తాయి. తీరానికి హెచ్చరికలు పెట్టాక మధ్యలో 1, 7 గంటలకి కూడా చిన్న అడ్వైజరీ వేస్తారు. ఈ వేళలు గుర్తుపెట్టుకుంటే టీవీ ముందు రోజంతా కూర్చోనక్కర్లేదు. పది గంటల బులెటిన్ చదివి పని చేసుకోండి, మళ్లీ నాలుగింటికి చూడండి.

అందరూ చూసేది తెల్లటి గరాటు బొమ్మ, అదే కోన్. దానిలో ఉన్నది తుపాను కేంద్రం వెళ్లే దారి మాత్రమే. గత అయిదేళ్లలో వాళ్ల అంచనా ఎంత తప్పిందో చూసి, మూడింట రెండు వంతుల సార్లు కేంద్రం లోపలే ఉండేంత వెడల్పుగా గీస్తారు. అంటే మూడుసార్లకి ఒకసారి కేంద్రమే గరాటు దాటి బయటికి పోతుంది. వాన, గాలి, ఉప్పెన అయితే గరాటుకి కట్టుబడి ఉండవు. హార్వీలో మేం చేసిన తప్పు అదే, గీత మా ఊరి మీద లేదని నిద్రపోయాం.

అయిదు రోజుల ముందు చెప్పిన దారి సగటున సుమారు 200 మైళ్లు అటూ ఇటూ అవుతుంది. హ్యూస్టన్‌కీ కార్పస్ క్రిస్టీకీ మధ్య దూరం అంత. 2024లో బెరిల్‌ని మొదట మెక్సికో, దక్షిణ టెక్సాస్ వైపు అనుకున్నారు. రోజురోజుకీ గీత ఉత్తరానికి జరుగుతూ వచ్చి జులై 8 తెల్లవారుజామున మటగోర్డా దగ్గర తీరం దాటింది. గీత ఒక్కసారి ఎక్కడుందన్నది కాదు, మూడు నాలుగు బులెటిన్లలో ఎటు జరుగుతోందన్నది చూడండి. మన వైపు జరుగుతుంటే మనమూ కదలాలి.

ఎటు వైపు దాటుతుందన్నది కూడా పెద్ద తేడా. ఉత్తరార్ధగోళంలో తుపాను నడిచే దిక్కుకి కుడి పక్క చెడ్డది. గాలి సముద్రం నుంచి నేల మీదకి నీళ్లని తోసేది ఆ పక్కే. హ్యూస్టన్‌కి పడమర పక్కన, అంటే మటగోర్డా, ఫ్రీపోర్ట్ వైపు దాటితే మనం కుడి పక్కలో పడ్డట్టు. తూర్పున లూసియానా సరిహద్దులో దాటితే మనకి చాలాసార్లు పొడి గాలితో సరిపోతుంది.

బొమ్మల కన్నా విలువైనవి రెండున్నాయి. ఒకటి ఫోర్‌కాస్ట్ డిస్కషన్. డ్యూటీలో ఉన్న నిపుణుడు తనకి ఏది నమ్మకంగా ఉంది, ఏది లేదు అని మామూలు మాటల్లో రాస్తాడు. ఇంగ్లీషు అంత కష్టంగా ఉండదు, చివర కీ మెసేజెస్ చదివినా చాలు. రెండోది, ట్రాపికల్ స్టార్మ్ స్థాయి గాలులు మీ ఊరికి ఎప్పుడు చేరతాయో చెప్పే మ్యాపు. మన గడువు తీరం దాటే సమయం కాదు, ఇదీ. ఆ గాలి వచ్చాక నిచ్చెన ఎక్కలేరు, హైవే మీద కారు నడపలేరు. హరికేన్ వాచ్ పెట్టేది ఆ గాలులకి 48 గంటల ముందు, వార్నింగ్ 36 గంటల ముందు. వాచ్ అంటే "రావచ్చు", వార్నింగ్ అంటే "వస్తోంది". ఉప్పెనకి విడిగా స్టార్మ్ సర్జ్ వాచ్, వార్నింగ్ ఉంటాయి, 2017 నుంచి ఇస్తున్నారు.

అయిదో మెట్టు: కేటగిరీ వదిలేసి నీళ్లు చూడండి

కేటగిరీ అనేది గాలికి వేసిన మార్కు. 74 మైళ్ల నుంచి ఒకటో కేటగిరీ, 111 నుంచి మూడు, 157 నుంచి అయిదు. అందులో వాన లెక్క లేదు, ఉప్పెన లెక్క లేదు. దివిసీమ పక్కన పెరిగినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడు మాట్లాడినా గాలి గురించి ఒక ముక్క, నీళ్ల గురించి పది ముక్కలు.

ఇక్కడ నీళ్లు మూడు దారుల్లో వస్తాయి. మొదటిది ఉప్పెన. 2008 సెప్టెంబరు 13న గాల్వెస్టన్ మీదకి వచ్చిన ఐక్ రెండో కేటగిరీయే. కానీ గల్ఫ్‌లో చాలా వెడల్పుగా పరుచుకుని వచ్చింది, బొలివార్ ద్వీపకల్పం మీద 15 నుంచి 20 అడుగుల ఉప్పెన వచ్చి ఊళ్లకి ఊళ్లని తుడిచిపెట్టేసింది. గాల్వెస్టన్‌లో 17 అడుగుల సముద్రపు గోడ ఉంది. 1900 సెప్టెంబరు 8 తుపానులో వేలమంది పోయాక కట్టిన గోడ అది. ఉప్పెన భయం తీరంలో, బే పక్కన ఉన్నవాళ్లకి. మీ జిప్ కోడ్ ఏ తరలింపు జోన్‌లో ఉందో జిప్‌జోన్ మ్యాపులో చూసి ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టుకోండి. తీరప్రాంతం, ఏ, బీ, సీ అని ఉంటాయి. మీది వాటిలో దేనిలోనూ లేకపోతే ఉప్పెన కోసం పారిపోవాల్సిన పని లేదు.

రెండోది వాన. 2001 జూన్‌లో అలిసన్ హరికేన్ కూడా కాదు, ట్రాపికల్ స్టార్మ్. హ్యూస్టన్ నడిబొడ్డునే ముంచేసింది. హార్వీ తీరం దాటాక బలహీనపడింది గానీ కదలకుండా కూర్చుంది. నెడర్‌ల్యాండ్‌లో 60.58 అంగుళాల వాన కొలిచారు. మన సెంటీమీటర్లలో 154. కోస్తాలో ఏడాది మొత్తానికి పడే వాన కన్నా అది ఎక్కువ. కాబట్టి బులెటిన్‌లో గాలి అంకె కన్నా ముందు "ఎంత వేగంగా కదులుతోంది" అన్న లైను చదవండి. గంటకి అయిదు మైళ్లు అని ఉంటే నాకు మూడో కేటగిరీ అన్నదాని కన్నా అదే ఎక్కువ భయం.

మూడోది రిజర్వాయరు. ఇది కేటీ వైపు ఇళ్లు కొనే మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఆడిక్స్, బార్కర్ అని రెండు పెద్ద వరద రిజర్వాయర్లు 1940లలో కట్టారు. మామూలు రోజుల్లో నీళ్లుండవు, పార్కుల్లా కనిపిస్తాయి. నిండితే నీళ్లు నిలవాల్సిన స్థలంలోనే కొన్ని కాలనీలు లేచాయి. హార్వీలో వాన తగ్గాక కూడా అక్కడి ఇళ్లలోకి నీళ్లు పెరుగుతూ వచ్చాయి, గేట్లు తెరిచాక కింద బఫెలో బయూ అనే వాగు పక్కన ఇళ్లు మునిగాయి. ఇల్లు కొనేముందు స్కూలు రేటింగు చూసినంత శ్రద్ధగా ఇది చూడండి.

"మాది ఫ్లడ్ జోన్ కాదు" అనే మాట కూడా మానేయాలి. హారిస్ కౌంటీలో హార్వీకి మునిగిన ఇళ్లలో సగానికి పైగా వందేళ్ల వరద మ్యాపు బయట ఉన్నవే. వందేళ్ల వరద అంటే వందేళ్లకి ఒకసారి వచ్చేది కాదు, ఏ ఏడాదైనా ఒక శాతం అవకాశం. ముప్ఫై ఏళ్ల లోను తీరేలోపు అది నాలుగింట ఒక వంతు అవకాశమవుతుంది.

ఆరో మెట్టు: ఇన్సూరెన్స్, కాగితాలు

మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు. అద్దెవాళ్లు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్‌లోనూ ఉండదు. వరదకి విడిగా తీసుకోవాలి. ప్రభుత్వ వరద పాలసీ సాధారణంగా కొన్న 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. ఇల్లు కట్టుబడికి రెండున్నర లక్షల డాలర్ల దాకా, సామానుకి లక్ష దాకా ఇస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నా సామానుకి మాత్రం తీసుకోవచ్చు. సెప్టెంబరు 10కి పనిచేయాలంటే ఆగస్టు 10లోపు కొనాలి. తుపాను గల్ఫ్‌లోకి అడుగుపెట్టాక గాలి నష్టానికి కూడా కొత్త పాలసీ రాయరు. కారు నీట మునిగితే కాంప్రహెన్సివ్ (మన కారుకి ఇలాంటి నష్టం జరిగినా ఇచ్చే పాలసీ) ఉన్నవాళ్లకే డబ్బొస్తుంది. పాత కారని లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికే ఇచ్చేది) మాత్రమే పెట్టుకున్నవాళ్లు ముందే దాన్ని ఎత్తైన పార్కింగ్ గరాజ్‌లో పెట్టుకోవాలి.

ఒక సాయంత్రం ఇంట్లో ప్రతి గదీ ఫోన్‌తో వీడియో తీయండి, బీరువా తలుపులు తెరిచి మరీ. పాస్‌పోర్టులు, వీసా అప్రూవల్ కాగితాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఇండియా నుంచి తెచ్చిన డిగ్రీ సర్టిఫికెట్లు నీళ్లు చొరబడని సంచిలో ఒకేచోట ఉండాలి. ఇండియా నుంచి కొత్తవి తెప్పించుకోవడం ఎంత తలనొప్పో తెలిసిందే.

విపత్తు తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫెమా ఇచ్చే నగదు సాయం గురించి చాలామందికి అనుమానం. పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి అర్హత ఉంటుంది. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్లకి సాధారణంగా ఉండదు. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలుంటే ఆ బిడ్డ పేరున తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టొచ్చు. షెల్టరు, తిండి, నీళ్లకి వీసా అడగరు. నియమాలు మారుతుంటాయి, దరఖాస్తు చేసేనాటికి ఒకసారి చూసుకోండి.

ఏడో మెట్టు: ఉండాలా, వెళ్లాలా

ఇక్కడ వాతావరణ శాఖవాళ్లు తరచూ చెప్పే మాట: నీళ్లొస్తుంటే పారిపో, గాలి అయితే ఇంట్లో దాక్కో. మీరు తరలింపు జోన్‌లో ఉండి కౌంటీ వెళ్లమంటే వెళ్లిపోవాలి, అందులో ఆలోచించేది లేదు. జోన్ బయట ఉండి, ఇల్లు గట్టిదై, వీధి మునిగే రకం కాకపోతే ఉండిపోవడమే మంచిది. 2005లో రీటా వస్తోందని పాతిక లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కారు. డల్లాస్‌కి నాలుగు గంటల దారి ఇరవై గంటలు దాటింది. ఆ ఎండలో పెట్రోలు అయిపోయిన కార్లు దారి పొడుగునా ఆగిపోయాయి. రీటాకి టెక్సాస్‌లో పోయినవాళ్లలో ఎక్కువమంది తుపానుకి కాదు, ఆ ప్రయాణానికి బలయ్యారు. వెళ్లే అవసరం లేనివాళ్లు రోడ్డెక్కితే గాల్వెస్టన్‌వాళ్లకి దారి ఉండదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నా, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లో నెలల బిడ్డో ఇంట్లో ఉన్నా, వాచ్ కన్నా ముందే, అంటే మూడు నాలుగు రోజుల ముందే ఆస్టిన్‌కో డల్లాస్‌కో పంపేయండి. గాలి కోసం కాదు, తర్వాత కరెంటు ఉండదు కాబట్టి.

బెరిల్ తీరం దాటేటప్పుడు ఒకటో కేటగిరీయే, గాలి 80 మైళ్లు. "ఒకటో కేటగిరీయే కదా" అని మా అమ్మని ఇంట్లోనే ఉంచాను. ఇరవై లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. మాకు అయిదు రోజులు రాలేదు. తుపాను వెళ్లిన మధ్యాహ్నం నుంచే ఎండ విరగకాసింది. అద్దాలు తీయడానికి రాని కిటికీలు, ఉక్క, ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి పొంగి కింది అరలోకి కారిన వాసన. మూడో రోజు అమ్మకి కళ్లు తిరిగాయి, అప్పుడు డల్లాస్ బయల్దేరాం. మొదటి రోజే వెళ్లాల్సింది. ఇక్కడి ఇళ్లు ఏసీ కోసం కట్టినవి, మన పెంకుటిళ్లలా గాలి ఆడవు.

ఎనిమిదో మెట్టు: ఏ రోజు ఏ పని

అయిదు రోజుల ముందు, గీత గల్ఫ్ వైపు తిరిగిందంటే చాలు, బజారు పని ముగించండి. ఇంకా ఎవరూ పరుగెత్తరు. నీళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ చొప్పున వారానికి. మందులు రీఫిల్ చేయించండి. ఇండియా నుంచి తెచ్చుకున్న బీపీ, షుగర్ మాత్రలు ఎన్ని మిగిలాయో పెద్దవాళ్లని నోటితో అడగొద్దు, డబ్బా తెరిచి లెక్కపెట్టండి. తిండి విషయంలో మనవాళ్లకి ఒక సుఖం ఉంది. అటుకులు, మరమరాలు, జంతికలు, సున్నుండలు, ఊరగాయ, కందిపొడి ఉంటే మూడు రోజులు పొయ్యి వెలిగించకుండా గడిచిపోతుంది. బ్రెడ్ కోసం కొట్లాడక్కర్లేదు.

మూడు రోజుల ముందు కారు ట్యాంకు నింపి, కొంత నగదు తెచ్చుకోండి. కరెంటు లేకపోతే కార్డు పనిచేయదు. ఫ్రీజర్‌లో ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు పెట్టి గడ్డ కట్టించండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకపోతే రెండు రోజులు చల్లదనం నిలుస్తుంది, ఫ్రిజ్ అయితే నాలుగు గంటలే. గోంగూర, ములక్కాడలు, కరివేపాకు గడ్డ కట్టించి దాచుకున్నవాళ్లు వాటి మీద ఆశ వదులుకుని ముందే వండుకు తినేయడం మేలు.

రెండు రోజుల ముందు పెరటి కుర్చీలు, తులసి కుండీ, పిల్లల సైకిళ్లు గరాజ్‌లోకి. వీధి చివర డ్రైన్ జాలీ మీద ఆకులు తీసేయండి. ఈ ఒక్క పనితో మా వీధిలో అడుగు నీళ్లు తగ్గడం కళ్లారా చూశాను.

చివరి రోజు బట్టలుతకడం, ఫోన్లు, పవర్ బ్యాంకులు ఛార్జ్ చేయడం, బాత్‌టబ్ నింపడం. టబ్ నీళ్లు తాగడానికి కాదు, టాయిలెట్‌లో పోయడానికి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాయండి. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి "రెండు రోజులు ఫోన్ కలవకపోవచ్చు, కంగారు పడొద్దు" అని చెప్పండి. అక్కడి టీవీల్లో అమెరికా మొత్తం మునిగిపోయినట్టు చూపిస్తారు.

జనరేటరు ఉంటే ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, ఆరుబయట. గరాజ్ తలుపు తెరిచి లోపల పెడితే చాలదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ప్రతి హరికేన్ తర్వాతా దీని వల్ల చనిపోయినవాళ్ల వార్త వస్తుంది. గ్యాస్ స్టవ్, క్యాంపింగ్ పొయ్యి ఏదైనా, బయట వాడే పొయ్యిని బయటే వాడండి.

తొమ్మిదో మెట్టు: వచ్చినప్పుడు, వెళ్లాక

గాలి గట్టిగా ఉన్నంతసేపు కిటికీలు లేని లోపలి గదిలో ఉండండి. నడిమధ్యలో గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను అయిపోయిందని బయటికి రావొద్దు. అది కన్ను, రెండో సగం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఈ మాట బందరులో మా తాత కూడా చెప్పేవాడు. తుపాను బయటి పట్టీల్లో టోర్నడోలు పుట్టడం ఇక్కడ మామూలు, అందుకని ఫోన్‌లో అలారం ఆపేయకండి.

రోడ్డు మీద నీళ్లుంటే కారు నడపకండి. పారే నీళ్లు ఒక అడుగు లోతున్నా చిన్న కారుని తేల్చేస్తాయి. హ్యూస్టన్‌లో ఫ్రీవే కింద అండర్‌పాస్‌లు బావులతో సమానం.

నీళ్లు ఇంట్లోకి వస్తే మొదట ఫోటోలు, తర్వాతే శుభ్రం చేయడం. గోడ మీద నీటి గుర్తు ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి ఫోటో తీయండి. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి తడిసిన కార్పెట్ ఇన్సూరెన్స్ మనిషి వచ్చేదాకా ఉంచక్కర్లేదు, ముక్క ఒకటి కోసి దాచి మిగతాది పారేయొచ్చు. నిలవ నీళ్లలో కాలు పెట్టేముందు చూసుకోండి. ఎర్ర చీమలు వేలకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని చాపలా తేలుతుంటాయి. తలుపు తట్టి "రేపే పైకప్పు వేసేస్తాం" అనేవాళ్లకి ముందు డబ్బు మొత్తం ఇవ్వకండి.

సెప్టెంబరు చివరికి ఉత్తరం నుంచి చల్లగాలి దిగడం మొదలవుతుంది, టెక్సాస్‌కి ముప్పు బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు. 1989లో జెర్రీ అక్టోబరు 15న గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. అయినా నేను నీళ్ల సీసాలు వాడేసుకోవడం అప్పుడే మొదలుపెడతాను. అక్కడితో నా కాపలా అయిపోదు. అక్టోబరు వచ్చిందంటే బంగాళాఖాతంలో వాయుగుండాలు మొదలు. అమ్మ బందరు తిరిగి వెళ్లి ఉంటుంది. అప్పుడు పొద్దున కాఫీతో చూసే మ్యాపు మారుతుంది. ఫోన్ చేసి "మందులున్నాయా, డబ్బా తెరిచి లెక్కపెట్టావా" అని అడుగుతాను. "ఉన్నాయిలేరా" అంటుంది, డబ్బా తెరవకుండానే.